పాత బండ్ల రేకు పనికి తేలిక గ్యాస్ వెల్డింగ్ సెట్టు: ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి

అంబాసిడర్ ఫ్లోరు, మహీంద్రా జీపు ఫెండరు, పాత చేతక్ బాడీ, బుల్లెట్ మడ్‌గార్డు. వీటిలో తుప్పు తిన్న భాగాన్ని కోసి పారేసి, అంతే మందం ఉన్న కొత్త రేకు అతికి, అతుకు ఎక్కడుందో కనబడకుండా సుత్తితో సరిచేయాలనుకునేవాళ్ల కోసం ఈ సమీక్ష. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ, విజయవాడ, గాజువాక ఆటోనగర్‌ల చుట్టుపక్కల షాపుల్లోనూ తేలిక రకం ఆక్సీ-ఎసిటిలీన్ సెట్టు దొరుకుతుంది. పెట్టె మీద పేర్లు మారినా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే: ఒక వెల్డింగ్ టార్చ్, నాలుగైదు రాగి నాజిల్స్, ఆక్సిజన్‌కూ ఎసిటిలీన్‌కూ చెరో రెగ్యులేటరు, నీలం ఎరుపు పైపులు, సిలిండర్ కీ, స్పార్క్ లైటరు, ఒక కళ్లద్దాల జత. సిలిండర్లు గ్యాస్ ఏజెన్సీ నుంచి విడిగా అద్దెకు తెచ్చుకోవాలి.

మా అంచనా ముందే చెప్పేస్తాం. టార్చ్ బాగుంది, నేర్చుకునేవాళ్ల చేతికి సరిపోతుంది. పైపులు, ఆక్సిజన్ గేజీ, కళ్లద్దాలు రేకు పనికి చాలవు. ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు (మంట పైపులోకి వెనక్కి దూకకుండా ఆపేవి) చాలా సెట్లలో అసలు ఉండవు. అవి లేకుండా ఈ సెట్టును వెలిగించవద్దు. అందుకని కొనేటప్పుడే పెట్టె ధరకు అరెస్టర్ల ధర కలిపి లెక్క వేసుకోండి.

మిగ్ మెషిన్ ఉండగా గ్యాస్ ఎందుకు

మిగ్ అంటే తీగను కరెంటుతో కరిగించి అతికే వెల్డింగ్. మిగ్‌తో అతుకు త్వరగా పడుతుంది, వేడి తక్కువ దూరం పాకుతుంది. కానీ ఆ పూస (అతుకు మీద ఉబ్బిన లోహపు గీత) గట్టిగా, ఎత్తుగా ఉంటుంది, సుత్తికి లొంగదు. దాన్ని గ్రైండర్‌తో చదును చేయబోతే పక్కనున్న 0.9 మి.మీ. రేకు పలచబడిపోతుంది. గ్యాస్ అతుకు నెమ్మదిగా చల్లారుతుంది, చుట్టూ ఉన్న రేకంత మెత్తగా ఉంటుంది. కింద డాలీ (రేకుకు ఆనించే ఇనుప దిమ్మ) పెట్టి పైన సుత్తితో కొడితే సాగుతుంది. వెల్డింగ్ వేడికి ముడుచుకున్న రేకును మళ్లీ సాగదీసి పాత వంపుకు తేవాలంటే అతుకు సాగాలి. పాత బండి బాడీ పనిలో గ్యాస్‌కు ఇంకా చోటు ఉన్నది ఇందుకే. లప్పం పట్టించి దాచే పనైతే ఏ వెల్డింగైనా ఒకటే, ఈ శ్రమంతా అక్కర్లేదు.

దీనికి చెల్లించే మూల్యం వేడి. మంట చుట్టూ చాలా దూరం రేకు కాగుతుంది. బానెట్ మధ్యలో, టాపు మీద, డోరు మధ్యలో ఉన్న పెద్ద బల్లపరుపు భాగాలు మొదటిసారి పట్టుకుంటే చేయి తిరగనివాళ్లకు అలలు అలలుగా లేస్తాయి. అంచులకు దగ్గరగా, మడత గీతల పక్కన, వంపు ఎక్కువున్న చోట మొదలుపెట్టాలి. వంపు ఉన్న రేకుకు తన ఆకారాన్ని తాను పట్టుకునే బలం ఉంటుంది.

టార్చ్

బరువు అర కిలో లోపు ఉన్నదే తీసుకోండి. గ్యాస్ కటింగ్ చేసే షాపుల్లో వాడే పొడవాటి బరువు టార్చ్‌తో 3 మి.మీ. ప్లేటు అతకవచ్చు, కానీ మణికట్టు కదలిక 2 మి.మీ. తేడాలో ఉండాల్సిన రేకు పనికి అది అడ్డం. షాపులో అడిగేటప్పుడు "వెల్డింగ్ టార్చ్ కావాలండీ, కటింగ్ టార్చ్ కాదు. సిలిండర్ గ్యాస్‌కి, హై ప్రెషర్ రకం. ఒకటో నంబరు, రెండో నంబరు నాజిల్స్ తప్పకుండా కావాలి" అని స్పష్టంగా చెప్పాలి.

హై ప్రెషర్ అన్న మాట ముఖ్యం. పాత టింకరింగ్ షెడ్లలో ఇప్పటికీ కార్బైడ్, నీళ్లు కలిపి గ్యాస్ పుట్టించే డబ్బాలు కనబడతాయి. వాటిలో ఎసిటిలీన్ ఒత్తిడి చాలా తక్కువ. అందుకే ఆక్సిజన్ జోరుతో ఎసిటిలీన్‌ను లోపలికి లాక్కునే ఇంజెక్టర్ టార్చ్ వాటికి కావాలి. ఆ ఇంజెక్టర్ టార్చ్‌ను సిలిండర్ గ్యాస్ మీద వాడుకోవచ్చు. సిలిండర్ టార్చ్‌ను మాత్రం కార్బైడ్ డబ్బాకు ఎప్పుడూ తగిలించకూడదు. రెండు గ్యాసులూ సమానమైన ఒత్తిడితో వస్తాయన్న లెక్క మీద దాన్ని తయారుచేస్తారు. ఒకవైపు ఒత్తిడి పడిపోతే ఆక్సిజన్ ఎసిటిలీన్ పైపులోకి వెనక్కి పోయి కలుస్తుంది. పైపు పేలే పరిస్థితి అక్కడ మొదలవుతుంది.

షాపు కౌంటరు దగ్గరే చూడాల్సినవి రెండున్నాయి. నాబ్‌లు పావు చుట్టు తిప్పితే ఒకే బిగువుతో కదలాలి, ఊగకూడదు. నాబ్ వదులుగా ఉంటే పని మధ్యలో తనంతట తాను తిరిగి మంట మారిపోతుంది. నాబ్ కింద ఉండే గ్లాండ్ నట్ కాస్త బిగిస్తే కొన్నిసార్లు సర్దుకుంటుంది, లేకపోతే ఇంకోటి అడగండి. రెండోది, ఒకటో నంబరు నాజిల్‌ను వెలుతురు వైపు పెట్టి రంధ్రంలోంచి చూడండి. గుండ్రంగా, అంచు పొరలు లేకుండా కనబడాలి. చౌక సెట్లలో పెద్ద నాజిల్స్ బాగానే ఉంటాయి, తేడా అంతా ఒకటో నంబరులోనే వస్తుంది. దాని మంట మధ్యలో తెల్లగా మెరిసే కోన్ పక్కకు వంగినా, మొన చీలినా ఆ నాజిల్ రేకు పనికి పనికిరాదు. టిప్ క్లీనర్ సూదులతో తిన్నగా లోపలికి, బయటికి ఆడించి చూడండి. ఇనుప తీగ గుచ్చి తిప్పితే రంధ్రం కోలగా అవుతుంది, ఇక ఆ నాజిల్ బాగుపడదు.

ఏ రేకుకు ఏ నాజిల్ అంటే: 22 గేజీ, 20 గేజీ, అంటే సుమారు 0.7 నుంచి 0.9 మి.మీ. దాకా ఒకటో నంబరు. 18 గేజీకి, అంటే 1.2 మి.మీ.కు రెండో నంబరు. 2 మి.మీ. బ్రాకెట్లకు మూడు. సెట్టులో వచ్చే ఐదు, ఏడు నంబర్లు వేడిచేయడానికి, తుప్పుపట్టిన బోల్టు వదులు చేయడానికి పనికొస్తాయి, బాడీకి కాదు.

రెగ్యులేటర్లు, ఇక్కడే అసలు ఇబ్బంది

ఒకటి, రెండు, మూడు నంబర్ల నాజిల్స్‌కు రెండు గ్యాసులకూ కావలసిన ఒత్తిడి దాదాపు చదరపు సెంటీమీటరుకు 0.15 కిలోలు మాత్రమే. సెట్టులో వచ్చే ఆక్సిజన్ రెగ్యులేటర్ బయటి గేజీ (టార్చ్‌కు పోయే ఒత్తిడి చూపేది) కటింగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. 0 నుంచి 16 కిలోల దాకా గీతలుంటాయి. ఆ గేజీ మీద 0.15 అంటే ముల్లు కదిలిందో లేదో తెలియనంత. కొత్తవాళ్లు ముల్లు మొదటి గీత మీదికి రావాలని స్క్రూ తిప్పుతారు. అప్పటికి ఒత్తిడి మూడు నాలుగు రెట్లయి మంట బుసలు కొడుతుంది, కరిగిన లోహపు మడుగును పక్కలకు చిమ్ముతుంది. "గ్యాస్ వెల్డింగ్‌తో రేకు చిల్లులు పడుతోంది" అనే ఫిర్యాదులో సగం ఇక్కడే పుడుతోంది.

దీనికి రెండు దారులు. వీలైతే ఆక్సిజన్ రెగ్యులేటరుకు తక్కువ స్కేలు గేజీ, 0 నుంచి 2.5 లేదా 4 కిలోలది, వేయించుకోండి. ఆక్సిజన్ కోసం తయారైన నూనె తగలని గేజీయే అయ్యుండాలి, కంప్రెసర్ గేజీ తెచ్చి బిగించకూడదు. రెండో దారి, గేజీని పక్కనపెట్టి మంటను చూసి సెట్ చేయడం. టార్చ్ ఎసిటిలీన్ నాబ్‌ను దాదాపు పూర్తిగా తెరిచి, రెగ్యులేటరు స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ వెలిగించాలి. మసి రాలడం ఆగి, మంట నాజిల్‌ను అంటిపెట్టుకునే ఉన్న చోట ఆపాలి. తర్వాత ఆక్సిజన్ నాబ్ తెరిచి, దాని స్క్రూతో మంటను సమంగా తేవాలి. ఇలా చేస్తే నాబ్‌లు పూర్తిగా తెరిచినా మంట చేయి దాటదు. నేర్చుకునేవాళ్లకు ఈ పద్ధతే మేలు.

ఎసిటిలీన్ గేజీ మీద 1 కిలో దగ్గర ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత దాటితే ఎసిటిలీన్ మంట తగలకుండానే విచ్ఛిన్నమై పేలగలదు. రేకు పనిలో మనం అందులో నాలుగో వంతుకు మించి వాడం కాబట్టి ఆ గీత దగ్గరికి పోవాల్సిన అవసరమే రాదు.

కొత్త రెగ్యులేటరుకు ఒక పరీక్ష తప్పనిసరి. ఒత్తిడి సెట్ చేసి, టార్చ్ నాబ్‌లు మూసి ఐదు నిమిషాలు చూడండి. బయటి గేజీ ముల్లు దానంతట అది పైకి పాకుతుంటే లోపలి సీటు సరిగా కూర్చోలేదని అర్థం. వెంటనే మార్పించుకోండి.

పైపులు, అరెస్టర్లు, సిలిండర్లు

సెట్టు పైపులు 8 మి.మీ. లోపలి వ్యాసంవి, దళసరిగా బిర్రుగా ఉంటాయి. అర కిలో టార్చ్ చివర అవి వేలాడితే చేతికి టార్చ్ బరువు కంటే పైపు బరువే ఎక్కువ తెలుస్తుంది. టార్చ్ వైపు చివరి మీటరు పైపును భుజం మీదుగా వేసుకుంటే కొంత నయం. మార్చగలిగితే 5 లేదా 6 మి.మీ. తేలిక పైపు వేసుకోండి. ఒకటో, రెండో నంబరు నాజిల్స్‌కు అది చాలు. పైపును తీగతో చుట్టి బిగించే అలవాటు చాలాచోట్ల ఉంది, అది మానాలి. ఫెర్రూల్ (పైపు చుట్టూ బిగిసే లోహపు ఉంగరం) నొక్కించండి, కనీసం స్క్రూ క్లిప్పులు వేయండి. అతుకు అవసరమైతే రాగి గొట్టం ముక్క మాత్రం ఎసిటిలీన్ వైపు పెట్టకండి. రాగితో కలిసి ఎసిటిలీన్ పేలే పదార్థంగా మారుతుంది.

అరెస్టర్లు రెగ్యులేటరు వైపు రెండు, టార్చ్ వైపు నాన్-రిటర్న్ వాల్వులు (గ్యాస్‌ను వెనక్కి పోనివ్వనివి) రెండు. వీటి స్ప్రింగుల వల్ల ఒత్తిడి కాస్త తగ్గుతుంది కాబట్టి 0.15 కిలోల దగ్గర మంటకు గ్యాస్ చాలనట్టు అనిపిస్తే 0.2, 0.25కి పెంచుకోండి.

ఆక్సిజన్ సిలిండరు నలుపు, ఎసిటిలీన్‌ది మెరూన్. ఎసిటిలీన్‌ను ఏజెన్సీల్లో డీఏ గ్యాస్ అంటారు. ఆక్సిజన్ మరలు మామూలువి, ఎసిటిలీన్ మరలు ఎడమవైపు బిగిసేవి. ఎసిటిలీన్ నట్ల అంచుల మీద గంట్లు ఉంటాయి, చీకట్లో తడిమినా తెలుస్తుంది. బలవంతంగా తిప్పాల్సి వస్తోందంటే తప్పు దాన్ని బిగిస్తున్నట్టే.

ఎంత గ్యాస్ పడుతుందన్నది అందరూ అడిగేదే. ఒకటో నంబరు నాజిల్ గంటకు ఒక్కో గ్యాస్ సుమారు 28 లీటర్లు, రెండో నంబరు 57 లీటర్లు తీసుకుంటాయి. 7 క్యూబిక్ మీటర్ల పెద్ద ఆక్సిజన్ సిలిండరులో 7,000 లీటర్లుంటాయి. రెండో నంబరుతో లెక్క వేస్తే 120 గంటల మంట. వారాంతాల్లో ఒక ఫెండరు పని చేసుకునేవాళ్లకు ఇది చాలా ఎక్కువ, సిలిండరు అద్దే గ్యాస్ ధరను మించిపోతుంది. 1.5 క్యూబిక్ మీటర్ల చిన్న సిలిండరు దొరికితే అదే తీసుకోండి, అందులోనూ 26 గంటలు వస్తుంది. ఇంత తక్కువ వాడకంలో మంటకు పోయే గ్యాస్ కంటే లీకేజీకి పోయేదే ఎక్కువ కావచ్చు. ప్రతి బిగింపు మీదా సబ్బు నురగ రాసి చూడటం భద్రతకే కాదు, ఖర్చుకూ మంచిది.

డీఏ సిలిండరును ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. లోపల గ్యాస్ ఎసిటోన్‌లో కరిగి ఉంటుంది. ఆటోలో పడుకోబెట్టి తెస్తే కొన్ని గంటలు నిలబెట్టాకే తెరవాలి. మొత్తం గ్యాస్‌లో ఏడో వంతు కంటే ఎక్కువ ఒక గంటలో లాగకూడదు. లాగితే ఎసిటోన్ కూడా వస్తుంది, మంట ఊదా రంగుకు తిరుగుతుంది, రెగ్యులేటరు డయాఫ్రమ్ పాడవుతుంది. చిన్న నాజిల్స్‌తో ఈ హద్దు దాటడం కష్టం, ఏడో నంబరుతో బోల్టులు వేడిచేసేటప్పుడు చిన్న సిలిండరుతో దాటవచ్చు. ఎసిటిలీన్ వాల్వును ఒక చుట్టుకు మించి తెరవకండి, కీ దాని మీదే ఉంచండి. ఏదైనా జరిగితే మూయడానికి కీ వెతుక్కునే పని ఉండకూడదు.

ఆక్సిజన్ బిగింపులకు నూనె, గ్రీజు తగలకూడదు. బేరింగుల పని చేసిన చేతులతోనో, తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులతోనో రెగ్యులేటరు పట్టుకోవద్దు. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌లో నూనె తనంతట తాను అంటుకుంటుంది. బట్టల మీది దుమ్ము దులపడానికి ఆక్సిజన్ ఊదుకోవడం కూడా అంతే ప్రమాదం, గుడ్డ నిండా ఆక్సిజన్ పట్టి ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది.

కళ్లద్దాలు: సెట్టులో వచ్చే ఆకుపచ్చ గాజు ఎంత షేడో, అంటే ఎంత ముదురో, రాసి ఉండదు. 5వ నంబరు షేడ్ గాజు విడిగా కొని వేసుకోండి. ఆర్క్ వెల్డింగ్ హెల్మెట్ వాడితే మడుగే కనబడదు.

వెలిగించడం, ఆర్పడం

సిలిండర్లు తెరిచే ముందు రెగ్యులేటరు స్క్రూలు వదులుగా ఉండాలి. గేజీ ఎదురుగా కాకుండా పక్కన నిలబడి ఆక్సిజన్ వాల్వు మెల్లగా తెరవండి. ఒక్కో పైపులోంచి కొన్ని సెకన్లు గ్యాస్ వదిలి లోపలి గాలిని పంపండి, రెండూ ఒకేసారి వద్దు. ఎసిటిలీన్ నాబ్ కొంచెం తెరిచి (మంటను చూసి సెట్ చేసేవాళ్లైతే పైన చెప్పినట్టు తెరిచి) పక్క నుంచి స్పార్క్ లైటరుతో వెలిగించాలి. అగ్గిపుల్ల, సిగరెట్ లైటరు వద్దు. నల్లటి మసి పీలికలు గాల్లో తేలడం ఆగేదాకా పెంచి, తర్వాత ఆక్సిజన్.

ఆక్సిజన్ పెరిగేకొద్దీ మధ్యలో తెల్లటి కోన్, దాని చుట్టూ పొగమంచులాంటి ఈక కనబడతాయి. ఈక కుంచించుకుపోయి సరిగ్గా కోన్‌లో కలిసిన క్షణమే న్యూట్రల్ మంట, 3,100 డిగ్రీల పైన ఉంటుంది. ఈక మిగిలితే కార్బన్ ఎక్కువ, మడుగు మబ్బుగా ఉడుకుతుంది, అతుకు గట్టిపడుతుంది, దాంతో సుత్తికి లొంగే గుణం పోతుంది. కోన్ మరీ పొట్టిగా, మొన సూదిగా మారి బుస పెరిగితే ఆక్సిజన్ ఎక్కువ, మడుగు నురగతో నిప్పురవ్వలు చిమ్ముతుంది, అతుకు పెళుసవుతుంది. పది నిమిషాలకోసారి మంట చూసుకోండి, టార్చ్ వేడెక్కేకొద్దీ సమతూకం మారుతుంది.

ఆర్పేటప్పుడు ముందు ఎసిటిలీన్, తర్వాత ఆక్సిజన్. కానీ టార్చ్ లోపలి నుంచి కీచుమని ఆగకుండా శబ్దం వస్తే, మంట లోపలికి పోయిందని గుర్తించి ముందు ఆక్సిజన్ నాబ్ మూయాలి, వెంటనే ఎసిటిలీన్, ఆపైన సిలిండర్లు. ఈ రెండు వరసల తేడా చేతికి అలవాటయ్యేదాకా మంట లేకుండా సాధన చేయాలి.

అప్పుడప్పుడు టప్‌మని పేలి మంట ఆరడం వేరు. నాజిల్ మడుగును తాకడం, రంధ్రంలో చెత్త, నాజిల్ బాగా కాగడం, లేదా నాజిల్ సైజుకు గ్యాస్ చాలకపోవడం దీనికి కారణాలు. చివరిదాన్ని చాలామంది ఊహించరు. చిల్లు పడుతుందన్న భయంతో మంటను మరీ తగ్గిస్తారు, గ్యాస్ వేగం మంట వేగం కంటే తగ్గి లోపలికి దూకుతుంది. మంట తగ్గించడం కంటే నాజిల్ ఒక నంబరు చిన్నది మార్చడం సరైన పని.

చేయి కుదిరే దాకా

బండి మీద మొదలుపెట్టకండి. 1.2 మి.మీ. సీఆర్ షీటు (పూత లేని స్టీలు రేకు) కొని 150 × 100 మి.మీ. ముక్కలు ఇరవై కోయించండి. జీఐ షీటు (జింకు పూత రేకు) తీసుకోవద్దు, జింకు పొగ జ్వరం తెస్తుంది. రేకు కోసం 1.6 మి.మీ. రాగిపూత ఫిల్లర్ రాడ్ చాలు. స్టీలుకు ఫ్లక్స్ (అతుకును శుభ్రంగా ఉంచే పొడి) అక్కర్లేదు.

మొదట రాడ్ లేకుండా గీతలు. కోన్ మొనను రేకుకు 2, 3 మి.మీ. ఎత్తులో పట్టి, టార్చ్‌ను 60 డిగ్రీల వాలులో, కుడిచేతివాళ్లైతే కుడి నుంచి ఎడమకు నడపాలి. మంట ముందుకు చూస్తూ ఉంటుంది. రేకు ఎర్రబడి, మెరిసి, 4, 5 మి.మీ. మడుగు ఏర్పడగానే దాన్ని చిన్న చిన్న చుట్లతో ముందుకు తీసుకుపోవాలి. రేకు తిప్పి చూస్తే వెనక సన్నటి గీత ఒకే వెడల్పుతో రావాలి. గీత మాయమైన చోట తొందరపడ్డారు, లావైన చోట ఆగిపోయారు. ముందు వైపు కంటే వెనక వైపే నిజం చెబుతుంది. పది గీతలు వరసగా సమంగా వచ్చేదాకా రాడ్ ముట్టుకోకండి, ఈ ఒక్క మెట్టు మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. మడుగు చుట్టూ రేకు కుంగుతుంటే చిల్లు పడబోతోందని అర్థం. అప్పుడు టార్చ్‌ను 45 డిగ్రీలకు పడుకోబెట్టండి, లేదా ఒక్క క్షణం పైకెత్తండి. పక్కకు లాగితే మడుగు మీద గాలి తగిలి అతుకు పాడవుతుంది.

తర్వాత రాడ్‌తో. రాడ్ 30, 40 డిగ్రీల కోణంలో ఎదురుగా వచ్చి మడుగు ముందు అంచులో మునగాలి. మంట తగిలి చుక్కలుగా రాలకూడదు. రాలిన చుక్క రేకుకు అంటుకున్నట్టే కనబడుతుంది, సుత్తి దెబ్బకు ఊడిపోతుంది. రాడ్ మొనను ఎప్పుడూ బయటి మంట నీడలోనే ఉంచాలి, బయటికి తీస్తే మొన మీద ఆక్సైడ్ పట్టి తర్వాతి ముంచులో అది మడుగులోకి పోతుంది.

ఆ తర్వాత అంచు అతుకు, రెండు రేకులు ఎదురెదురుగా పెట్టే బట్ అతుకు, చివరగా ఒకదాని మీద ఒకటి వేసే ల్యాప్. ల్యాప్ తేలికనిపిస్తుంది కానీ పై రేకు అంచు ముందే కరిగిపోతుంది, కింది రేకు చల్లగా ఉండిపోతుంది. మంటను మూడింట రెండొంతులు కింది రేకు మీదే పెట్టాలి. బాడీ పనిలో ల్యాప్‌ను వీలైనంత మానేయమనే మా సలహా. రెండు పొరల మధ్య నీరు చేరి అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది, సముద్రతీరపు ఊళ్లలో ఇంకా త్వరగా. దగ్గరలో ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చదివినవాళ్లుంటే మొదటి రోజు పక్కన నిలబెట్టుకోండి. ఆ ఏడాది కోర్సులో గ్యాస్ వెల్డింగ్ నేర్పుతారు, చేతి కోణం తప్పును వాళ్లు అక్కడికక్కడే పట్టుకుంటారు.

మొదటి ప్యాచ్

విప్పి బల్ల మీద పెట్టుకోగల భాగం ఎంచుకోండి: బుల్లెట్ మడ్‌గార్డు, జీపు ఫెండరు, చేతక్ పక్క మూత. తుప్పు కనబడే చోట కోయకూడదు. వెనక నుంచి గోకి చూసి, గట్టి రేకు మొదలైన చోట నుంచి ఇంకో 15, 20 మి.మీ. బయటికి కోయాలి. ప్యాచ్ మూలలు 10 నుంచి 15 మి.మీ. గుండ్రంగా ఉండాలి. పదునైన మూలలో వేడి పోగుపడి చిల్లు పడుతుంది, చల్లారాక చీలుతుంది కూడా. అతుకు చుట్టూ 25 మి.మీ. దాకా రెండు వైపులా మెరిసే లోహం వచ్చేలా శుభ్రం చేయాలి. వెనక వైపు రంగు, తారు వదిలేస్తే అది కాలి మడుగులోకి బుడగలుగా వస్తుంది.

పాత టింకరింగ్‌లో ఇత్తడి కరిగించి అతికిన, అంటే బ్రేజ్ చేసిన చోటైతే ఆ ఇత్తడి ఉన్నంత మేరా కోసేయాలి. పసుపు మరక కొంచెం మిగిలినా స్టీలు మడుగులో కలిసి పగుళ్లు వస్తాయి. ఆ మీదట ఎంత బాగా వెల్డ్ చేసినా నిలవదు.

ప్యాచ్‌ను గోటి సందు కూడా లేకుండా ఆకురాయితో సరిచేసి కూర్చోబెట్టండి. సందు ఉంటే వేడికి అంచులు విడివిడిగా కరిగి వెనక్కి పోతాయి. మధ్యలో ఒక టాక్ (ముందుగా పట్టి ఉంచే చిన్న వెల్డు చుక్క), రెండు చివర్ల రెండు, తర్వాత వాటి మధ్య, అలా 20 మి.మీ.కు ఒకటి వచ్చేదాకా. ప్రతి టాక్ తర్వాత రెండు రేకులూ ఒకే మట్టంలో ఉన్నాయా అని వేలితో తడమండి, లేకపోతే వెంటనే సుత్తి, డాలీతో సరిచేయండి. అతుకు మొత్తం వేశాక ఇది సరిదిద్దలేరు.

వెల్డ్ చేశాక రేకు లోపలికి లాక్కుని అతుకు వెంట పల్లం పడుతుంది. ఇది తప్పు కాదు, చల్లారే లోహం ముడుచుకుంటుంది. చేయి పెట్టగలిగేంత చల్లారనిచ్చి, సరిగ్గా అతుకు కింద డాలీ ఆనించి, పూస మీద చిన్న చిన్న దెబ్బలతో ఒక చివర నుంచి మరో చివరకు పోవాలి. సుత్తి తగిలినప్పుడు గట్టి లోహపు మోత రావాలి. మోత బొంగురుగా ఉంటే డాలీ పక్కకు జరిగింది, ఆ దెబ్బ రేకును సాగదీయదు, వంచుతుంది. ఐదారు దెబ్బలకోసారి ఆకురాయి తేలికగా ఆడించి చూడండి. మెరిసినవి గుట్టలు, మెరవనివి గుంటలు. పల్లం ఎత్తుకు రాగానే ఆపాలి. ఎక్కువ కొడితే రేకు సాగిపోయి డబ్బా మూతలా అటూ ఇటూ దూకుతుంది, దాన్ని ముడిపించడం వేరే విద్య. అదే రోజు రెండు వైపులా ప్రైమర్ వేయండి.

దేనికి వాడకూడదు

కొత్త కార్ల బలమైన స్టీలు పిల్లర్లకు, ఛాసీకి, సస్పెన్షన్ బ్రాకెట్లకు ఈ పద్ధతి వద్దు, వేడికి ఆ స్టీలు బలం పోతుంది. పెట్రోలు ట్యాంకు ఎంత కడిగినా ఇంట్లో వెల్డ్ చేయకండి. మడతల్లో మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. కారు మీదే పని చేస్తే బ్యాటరీ తీసేసి, రేకు వెనక వైరింగు, తారు, సీటు దూది తొలగించి, నిప్పు ఆర్పే సిలిండరు పక్కన ఉంచుకోండి. పని ముగిశాక కనీసం అరగంట అక్కడే ఉండి చూడండి. అండర్‌కోటు లోపల రాజుకున్న నిప్పు పైకి కనబడటానికి అంత సమయం పడుతుంది.

కొందరు అమ్మకందార్లు "ఎసిటిలీన్ ఎందుకు, ఎల్‌పీజీ పెట్టుకోండి, చవక" అంటారు. ఎల్‌పీజీ-ఆక్సిజన్ మంటలో వేడి ఎక్కువ భాగం బయటి మంటలో ఉంటుంది, లోపలి కోన్ చాలినంత వేడెక్కదు, మడుగుకు రక్షణా ఇవ్వదు. స్టీలు రేకు కరిగేలోపు అడుగు మేర వంకర పోతుంది, అతుకు నిండా బుడగలు. కటింగుకు, బ్రేజింగుకు, వేడిచేయడానికి అది బాగుంటుంది. రేకు అతకడానికి ఎసిటిలీనే కావాలి. ఇంటి వంటగ్యాస్ సిలిండరు తెచ్చి వాడటం చట్టరీత్యా కూడా కుదరదు.

సెట్టు ఇప్పుడు కొనేవాళ్లకు మేము చెప్పే వరస ఇది: హై ప్రెషర్ తేలిక టార్చ్, ఒకటి, రెండు నంబర్ల నాజిల్స్ రెండేసి, నాలుగు అరెస్టర్లు-వాల్వులు, 5వ షేడ్ గాజు, చిన్న ఆక్సిజన్ సిలిండరు, తేలిక పైపు, తక్కువ స్కేలు గేజీ. డబ్బు సరిపోకపోతే చివరి నుంచి ఒక్కోటి తగ్గించుకుంటూ రండి, అరెస్టర్ల దగ్గర మాత్రం ఆగిపోండి. మిగిలిన డబ్బంతా సీఆర్ షీటుకు పెట్టండి.